కేసుల్లో ఉన్నవాళ్ళ డీఅడిక్షన్ ప్రోగ్రామ్‌లో హెచ్ఐవి నివారణ పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: కోర్టు ఆర్డర్ మీద వచ్చినవాళ్ళకీ, జైల్లో శిక్ష అనుభవిస్తున్నవాళ్ళకీ నడిచే డీఅడిక్షన్ ప్రోగ్రామ్‌లో కొత్తగా కౌన్సెలర్‌గా చేరారు. హెచ్ఐవి మీద వారానికో గంట క్లాసు మీకు అప్పగించారు. అందులో ఏం చెప్పాలో తోచడం లేదు. పైగా మీ ఇన్‌చార్జికి ఒక అనుమానం ఉంది. మత్తు మానెయ్యమని చెప్పే చోటే సూదుల జాగ్రత్తలు చెబితే, వాడుకోమని మనమే అన్నట్టు అవుతుందేమోనని.

ఈ పనిలో నాకు 17 ఏళ్ళు నిండాయి. మొదటి రెండేళ్ళు నేనూ ఆ గంట క్లాసే తీసుకున్నాను. గోడకి చార్టు తగిలించి, వైరస్ ఎలా వస్తుంది, ఎలా రాదు అని చెప్పేదాన్ని. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో సగం మందికి ఆ సంగతులు నాకంటే బాగా తెలుసు. దోమ కుడితే రాదు, పక్కన కూర్చుంటే రాదు, సూదితో వస్తుంది అని గడగడా అప్పజెప్పేవాళ్ళు. అదే రాత్రి బ్యారక్‌లో ఒకే సూది ఆరుగురి చేతులు మారేది. తెలియక కాదు, ఉన్నది ఒక్క సూదే కాబట్టి.

అందుకని క్లాసు సంగతి కాసేపు పక్కన పెడదాం. ముందు మీ ఇన్‌చార్జిని ఒక మాట అడగండి: ఒక మనిషి నా గదిలో కూర్చుని "నిన్న రాత్రి ఎక్కించుకున్నాను మేడం" అని చెబితే, ఆ మాట ఎక్కడిదాకా వెళ్తుంది?

మామూలు డీఅడిక్షన్ సెంటర్‌కీ మన ప్రోగ్రామ్‌కీ తేడా అంతా ఇక్కడే. అక్కడ నిజం చెబితే మహా అయితే చీవాట్లు పడతాయి. ఇక్కడ నిజం చెబితే బెయిల్ పోవచ్చు, పెరోల్ రద్దు కావచ్చు, పిల్లల్ని చూసే అవకాశం పోవచ్చు. మన దగ్గరికి వచ్చే ప్రతి మనిషీ ఈ లెక్క వేసుకున్నాకే నోరు విప్పుతాడు.

నేను పనిచేసిన ఒక చోట ఒక కుర్రాడు గ్రూపులో లేచి, మళ్ళీ వాడానని, సిరంజి కూడా ఇంకొకరిదని చెప్పాడు. ధైర్యంగా ఒప్పుకున్నందుకు అందరం మెచ్చుకున్నాం. నెల తిరిగేసరికి ఆ మాట మా నెలవారీ రిపోర్టులో ఒక లైనుగా కోర్టుకు చేరింది. ఎవరో పనిగట్టుకుని చెప్పలేదు. రిపోర్టు నింపే మనిషి కేసు షీట్‌లో ఉన్నదంతా ఎక్కించేశాడు, అలా ఎక్కించకూడదని మాలో ఎవరికీ తట్టలేదు. కుర్రాడిని మళ్ళీ లోపలేశారు. ఆ తర్వాత ఆరు నెలలు మా గ్రూపులో ఎవరూ సూది ముట్టలేదు, ఎవరూ ఎవరితోనూ పంచుకోలేదు. అడిగితే అదే సమాధానం. ఆ ఆరు నెలల్లోనే ఇద్దరికి కొత్తగా హెపటైటిస్ సి, అంటే రక్తంతో అంటుకునే కాలేయ జబ్బు, బయటపడింది.

అప్పటినుంచి ఎక్కడ చేరినా నేను మొదట చూసేది రెండు ఫైళ్ళు వేరుగా ఉన్నాయా లేదా అని. కోర్టుకు వెళ్ళేదాంట్లో హాజరు, చికిత్స కొనసాగుతోందా లేదా, ఆర్డర్‌లో అడిగి ఉంటే యూరిన్ టెస్ట్ ఫలితం. అంతే. కౌన్సెలింగ్ గదిలో మాట్లాడినవి, హెచ్ఐవి టెస్ట్ ఫలితం రెండో ఫైల్లో ఉండాలి. ఈ ఏర్పాటు నోటిమాటగా కాకుండా కాగితం మీద, సంతకంతో ఉండాలి. మీ దగ్గరి చట్టం గోప్యతను ఎంతవరకు కాపాడుతుందో ముందే కనుక్కోండి. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే చెప్పక తప్పదు లాంటి మినహాయింపులు ఉంటే, మొదటి రోజే వాళ్ళకు చెప్పేయండి. "ఏం చెప్పినా గడప దాటదు" అని మాత్రం అనకండి. ఒక్కసారి దాటిందంటే మీ ఉద్యోగం ఉంటుంది గానీ మీ గదికి విలువ ఉండదు.

ఇక అడగడం ఎలా అన్నది. "సూది పంచుకుంటారా?" అంటే లేదనే చెబుతారు. చాలాసార్లు అది అబద్ధం కూడా కాదు. వాళ్ళ దృష్టిలో పంచుకోవడం అంటే ఒకరి ఒంట్లోంచి తీసిన సూదిని ఇంకొకరు అలాగే గుచ్చుకోవడం. అందుకే నేను ఆ ప్రశ్న మానేసి, ఆఖరిసారి ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమంటాను. సరుకు ఎవరు కొన్నారు? ఎందులో కరిగించారు? నీళ్ళు దేంట్లోవి? అంతకుముందు ఆ నీళ్ళలో సిరంజి ఎవరైనా కడిగారా? వడకట్టిన దూది ఎవరిది? ఇద్దరూ డబ్బులు కలిపి కొన్నారు కదా, సగం సగం ఎలా చేశారు?

అసలు సంగతి ఈ ఆఖరి ప్రశ్న దగ్గర బయటికొస్తుంది. మొత్తం ఒకరి సిరంజిలోకి లాగి, గీతలు చూసుకుని, సగం రెండోవాడి సిరంజిలోకి వెనకనుంచి వదులుతారు. తగాదా రాకుండా పంచుకోవడానికి అంతకంటే కచ్చితమైన కొలత ఇంకేముంది? ఎవరి సూది వారిదే. కానీ మొదటి సిరంజి అంతకుముందు వాడినదైతే, అందులోని రక్తం రెండో దాంట్లోకి పోయినట్టే. వాడిన సిరంజిలో మిగిలిన రక్తంలో హెచ్ఐవి వారాల తరబడి బతికుండగలదని ల్యాబ్‌లో తేలింది. హెపటైటిస్ సి వైరస్ అయితే ఇంకా మొండిది. స్పూనులో, దూదిలో, నీళ్ళలో మిగిలిన కాస్త రక్తంతో కూడా అంటుకుంటుంది. "నేనెప్పుడూ పంచుకోలేదు" అనే మనిషికి ఇది అర్థమైనప్పుడు ముఖం మారిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఆ నిమిషంలో చెప్పింది గుర్తుంటుంది, చార్టు చూపించి చెప్పింది ఉండదు.

ఇక్కడే ఒక పదం గురించి చెప్పాలి. మన ప్రోగ్రాముల్లో అందరం "క్లీన్" అంటాం. మత్తు వాడకపోతే క్లీన్, యూరిన్‌లో ఏమీ రాకపోతే క్లీన్, కొత్త సూది అయితే క్లీన్. కొన్నాళ్ళకి వాళ్ళ నోట ఇంకో అర్థం వస్తుంది: "వాడు క్లీనే మేడం, చూస్తేనే తెలుస్తుంది." అంటే ఒళ్ళు బాగుంది, బట్టలు బాగున్నాయి, వాడికి హెచ్ఐవి ఉండదు అని. నేను ఆ పదం వాడటం మానేశాను. "నెగటివ్ వచ్చింది", "వాడలేదు", "కొత్త సూది" అని విడివిడిగా అంటాను.

జైలు లోపలి సంగతి వేరు. బయట తప్పు అలవాటు వల్ల పంచుకుంటారు, లోపల కొరత వల్ల. మొద్దుబారిన సూదిని అగ్గిపెట్టె పక్క గరుకు మీద నూరి మళ్ళీ వాడతారు. పెన్ను గొట్టంతో సిరంజి తయారుచేస్తారు. టాటూలు కూడా అంతే, ఒకే తీగ, ఒకే సిరా, వరసగా పదిమంది. మత్తు జోలికే పోని మనిషి కూడా టాటూ కోసం కూర్చుంటాడు. కాబట్టి టాటూ గురించి అందరినీ అడగండి.

ఇప్పుడు చాలామంది కౌన్సెలర్లకు నచ్చని మాట. హెచ్ఐవిని మీ క్లాసు కంటే ఎక్కువగా ఆపేది, పక్క గది కిటికీలోంచి ఇచ్చే డోసు. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లకు అలవాటు పడినవాళ్ళకు వాటి బదులు ఇచ్చే మందులు, మెథడోన్ గానీ బుప్రెనార్ఫిన్ గానీ, రోజూ నోటి ద్వారా అందితే, రోజుకు మూడు నాలుగు సార్లు గుచ్చుకునేవాళ్ళు గుచ్చుకోవడం బాగా తగ్గిస్తారు, చాలామంది పూర్తిగా ఆపేస్తారు. సూదే లేకపోతే పంచుకోవడం ఎక్కడిది? న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ మెథడోన్ చికిత్స ఫలితాలు ప్రకటించింది 1965లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెండు మందుల్నీ తన అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి 2012లో చేసిన విశ్లేషణలో, ఈ చికిత్సలో ఉన్నవాళ్ళకు హెచ్ఐవి సోకే ముప్పు 54 శాతం తక్కువగా కనిపించింది. వారానికో గంట ఉపన్యాసంతో ఇంత తేడా వచ్చినట్టు నేనెక్కడా చూడలేదు.

"మత్తు మాన్పించడానికి మళ్ళీ మత్తేనా?" అని గార్డు దగ్గర్నుంచి జడ్జి దాకా అడుగుతారు. డోసు సరిపోయినంత ఉంటే మనిషికి కిక్కు రాదు, వణుకు పోతుంది. పని చేసుకుంటాడు, గ్రూపులో కూర్చుని వింటాడు. సరిపోయినంత అన్నది ముఖ్యం. మెథడోన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే రోజువారీ డోసు మామూలుగా 60 నుంచి 120 మిల్లీగ్రాములు. చాలా జైళ్ళలో భయంకొద్దీ 30 దగ్గర ఆపేస్తారు. సాయంత్రానికి విత్‌డ్రాయల్, అంటే మత్తు అందక ఒళ్ళు పడే బాధ, మొదలవుతుంది, రాత్రికి సూది వెతుక్కుంటాడు, పొద్దున "చూశారా, మందు పనిచెయ్యదు" అంటారు. ఇంకా ఘోరం, క్రమశిక్షణ తప్పాడని డోసు కోసేయడం. షుగర్ రోగి తగాదా పడ్డాడని ఇన్సులిన్ ఆపుతామా? మీ చోట అలా జరుగుతుంటే మీ మొదటి పోరాటం క్లాసు కోసం కాదు, దీని కోసం.

కొన్ని కోర్టులు ఓపియాయిడ్ల మత్తు ఎక్కకుండా అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్ వైపు మొగ్గుతాయి, అది ఓపియాయిడ్ కాదు కాబట్టి. పనికొచ్చేవాళ్ళు ఉన్నారు. కానీ పూర్తిగా విత్‌డ్రాయల్ దాటాకే మొదలుపెట్టాలి. పైగా ఆపేశాక ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి ఉండదు. ఈ మాట మందు మొదలుపెట్టే రోజే చెప్పాలి. మెథాంఫెటమైన్, కొకైన్ వాడేవాళ్ళకు ఇలా ప్రత్యామ్నాయంగా ఇచ్చే మందు లేదు. వాళ్ళ విషయంలో సూది ఎంత ముఖ్యమో సెక్స్ అంత ముఖ్యం. మత్తులో గంటల తరబడి, ఒకరికంటే ఎక్కువమందితో, కండోమ్ లేకుండా. సిగ్గుపడకుండా అడగాల్సింది మనమే, వాళ్ళు చెప్పరు.

మీ ఇన్‌చార్జి సందేహానికి వస్తాను. ఆయన అడిగింది తప్పేమీ కాదు, మొదట్లో నాకూ అదే భయం. ఆయనకి రెండు జైళ్ళ కథ చెప్పండి. 1993లో స్కాట్లాండ్‌లోని గ్లెనాకిల్ జైల్లో ఖైదీల మధ్య సూదులు పంచుకోవడం వల్ల పదిమందికి పైగా హెచ్ఐవి సోకింది. 2002లో లిథువేనియాలోని అలీటస్ జైల్లో కొన్ని నెలల్లోనే దాదాపు 300 కేసులు బయటపడ్డాయి. ఈ రెండు చోట్లా సూది నిషేధమే. నిషేధం సూదుల్ని తగ్గించింది, గుచ్చుకునేవాళ్ళని కాదు. సూదులు తగ్గితే ఒక్కో సూది చుట్టూ మనుషులు పెరుగుతారు.

రెండో వైపు, స్విట్జర్లాండ్‌లోని హిండెల్‌బాంక్ మహిళా జైల్లో 1994లో పాత సూది ఇస్తే కొత్తది ఇచ్చే మెషీన్లు పెట్టారు. స్పెయిన్ 1997లో, మోల్డోవా 1999లో, కెనడా 2018లో ఇలాంటివి మొదలుపెట్టాయి. ఈ పద్ధతి నడిచిన జైళ్ళను పరిశీలించిన నివేదికల్లో మత్తు వాడకం పెరిగినట్టు గానీ, సూదుల్ని ఆయుధాలుగా వాడినట్టు గానీ తేలలేదు. మీ చోట దీనికి అనుమతి ఉండకపోవచ్చు, చాలా చోట్ల లేదు. లేనిదాని కోసం వాదిస్తూ కూర్చుంటే ఉన్న పని ఆగుతుంది. డోసు సరిగా ఇప్పించడం, కండోమ్‌లు అడగకుండానే తీసుకునే చోట పెట్టించడం, నిజం మాట్లాడగలిగే గది, ఇవి అనుమతి లేకుండానే లేదా చిన్న అనుమతితో దొరికేవి. కండోమ్‌ల పెట్టె ఆఫీసర్ టేబుల్ మీద పెడితే ఒక్కటి కూడా కదలదు, టాయిలెట్ పక్కన పెట్టించండి. వాడిన సూదిని బ్లీచ్‌తో కడగడం అన్నది ఏమీ లేనిచోట ఆఖరి దారి మాత్రమే, దాని మీద పూర్తి నమ్మకం పెట్టుకోకూడదని స్పష్టంగా చెప్పాలి.

ఇన్‌చార్జి గారికి నియమాల భాష నచ్చితే, ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 24వది చూపించండి. బయటి సమాజంలో ఉన్న స్థాయి వైద్యమే ఖైదీలకూ అందాలని, హెచ్ఐవి, టీబీ, మత్తు అలవాటు చికిత్స లోపలా బయటా తెగకుండా సాగాలని అందులో ఉంది. నా అనుభవంలో అధికారులు దయకు కరగకపోయినా నియమానికి కదులుతారు.

టెస్టింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, రెండు పొరపాట్లు తప్పిస్తే చాలు. వచ్చిన మొదటి రోజే విత్‌డ్రాయల్‌తో వణుకుతున్న మనిషి చేత టెస్టుకు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టించకండి. రెండు మూడు రోజులాగి, అర్థమయ్యేలా చెప్పి, వద్దంటే వద్దనే హక్కుందని కూడా చెప్పి చెయ్యండి. ఇక నెగటివ్ వస్తే అక్కడితో వదిలెయ్యకండి. గత నెలలో ఎక్కించుకున్న మనిషికి ఈ రోజు నెగటివ్ వస్తే పెద్ద అర్థం లేదు. నాలుగో తరం ల్యాబ్ పరీక్షకు 45 రోజులు, వేలిమీద చుక్కతో చేసే ర్యాపిడ్ పరీక్షకు 90 రోజులు గడవాలి. రెండో టెస్ట్ తేదీ ఆరోజే రాసి పెట్టండి. అదే రక్తంతో హెపటైటిస్ బి, సి కూడా చూడండి. హెపటైటిస్ సి ఇప్పుడు 8 నుంచి 12 వారాల మాత్రలతో 95 శాతం మందికి పైగా నయమవుతుంది. హెపటైటిస్ బి టీకాను 0, 7, 21 రోజుల్లో వేసే తొందర పద్ధతి కూడా ఉంది, తక్కువ రోజులు ఉండేవాళ్ళకు పనికొస్తుంది.

పాజిటివ్ వస్తే ఆలస్యం లేకుండా మందులు మొదలవ్వాలి. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షలో కనబడనంత తగ్గితే సెక్స్ ద్వారా ఇంకొకరికి సోకదు. ఈ మాట వాళ్ళకు ఎంత ఊరటో మీరే చూస్తారు. డాక్టర్‌కి ఒక విషయం గుర్తుచేయండి: హెచ్ఐవికి ఇచ్చే ఎఫావిరెంజ్, నెవిరాపిన్, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఇవి మెథడోన్ ప్రభావాన్ని తగ్గిస్తాయి. మాత్ర మొదలైన వారం పది రోజులకి మనిషి చెమటలు పడుతూ, నిద్రలేక, "ఈ హెచ్ఐవి మందు నాకు పడట్లేదు" అని మానేస్తాడు. పడకపోవడం కాదు, అది విత్‌డ్రాయల్. డోసు పెంచితే సర్దుకుంటుంది. ఇంకోటి, మాత్రలు అందరి ముందు క్యూలో ఇస్తే ఏ రంగు మాత్ర దేనికో రెండు రోజుల్లో బ్యారక్ అంతటికీ తెలిసిపోతుంది. మెథడోన్ క్యూలోనే, ఒకేలాంటి కాగితం కప్పులో, విటమిన్ మాత్రలతో కలిపి ఇప్పించుకున్నాం మేము.

నెగటివ్‌గా ఉండి ముప్పు ఎక్కువున్నవాళ్ళకు ముందుజాగ్రత్త మాత్ర, ప్రెప్, ఉంది. బ్యాంకాక్‌లో 2,413 మంది సూదితో మత్తు తీసుకునేవాళ్ళ మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో రోజువారీ టెనోఫోవిర్ మాత్ర హెచ్ఐవిని దాదాపు 49 శాతం తగ్గించింది. సిబ్బందికి తనిఖీల్లో సూది గుచ్చుకుంటే 72 గంటల్లోపు పెప్, అంటే హెచ్ఐవి సోకకుండా ఆపే మందులు, మొదలుపెట్టి 28 రోజులు వాడాలి, ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. ఆ మందు రాత్రిపూట ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడే కనుక్కుని గోడమీద రాసిపెట్టండి.

ఇక విడుదల. మీ శ్రమలో సగం ఇక్కడ పెట్టమంటాను. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలునుంచి విడుదలైన 30 వేల మందిని గమనించి 2007లో వెలువరించిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో వాళ్ళకి ఓవర్‌డోస్‌తో చావు ముప్పు మామూలు జనాభా కంటే 129 రెట్లు. లోపల ఉన్నన్నాళ్ళూ ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోయింది, చెయ్యి మాత్రం పాత కొలతే గుర్తుపెట్టుకుంది. టెక్సస్‌లో హెచ్ఐవి మందులు వాడుతూ విడుదలైన 2,115 మందిలో మందులు అయిపోకముందే, అంటే పది రోజుల్లోపు, మళ్ళీ తెచ్చుకున్నది 5.4 శాతం మందే. రెండు నెలలు గడిచినా 30 శాతమే. లోపల ఏళ్ళ తరబడి అణిచి ఉంచిన వైరస్ గేటు దాటిన నెలకి మళ్ళీ లేస్తుంది, అదే సమయంలో పాత స్నేహితులు, పాత సూది. రోడ్ ఐలండ్ 2016లో జైళ్ళలో మెథడోన్, బుప్రెనార్ఫిన్, నాల్‌ట్రెక్సోన్ మూడింటినీ అందుబాటులోకి తెచ్చి, బయటి క్లినిక్‌లతో కలిపాక, కొత్తగా విడుదలైనవాళ్ళ ఓవర్‌డోస్ మరణాలు 2016 మొదటి ఆరు నెలల్లో 26 ఉంటే, 2017 మొదటి ఆరు నెలల్లో 9కి తగ్గాయి.

అందుకే మీ గంట క్లాసును ఇలా తిప్పుకోండి. ప్రాజెక్ట్ స్టార్ట్ అని ఒక పాత నమూనా ఉంది, విడుదలకు ముందు రెండు సార్లు, విడుదలయ్యాక నాలుగు సార్లు, ఒక్కో మనిషితో విడిగా కూర్చోవడం. గుంపుకి ఉపన్యాసం ఇచ్చే గంటలో ఇద్దరితో విడిగా మాట్లాడొచ్చు. మొదటి కూర్చోవడంలో ఆఖరిసారి ఎలా వాడాడో ఆ వరస అడగండి. రెండోదాంట్లో బయటికి వెళ్ళిన మొదటి మూడు రోజులు ఎక్కడ పడుకుంటాడు, ఎవరు ఫోన్ చేస్తారు, ఎవరింటికి వెళ్తే సూది ఉంటుంది అని. "మళ్ళీ వాడను మేడం" అంటాడు. సరే అనండి, వాడితే ఏం చేస్తావో కూడా చెప్పమనండి. ఒంటరిగా వాడొద్దని, పాత మోతాదు వద్దని చెప్పి, ఓవర్‌డోస్ అయితే ప్రాణం నిలిపే మందు నాలోక్సోన్ ఎలా వాడాలో అతనికీ ఇంట్లోవాళ్ళకీ చూపించండి.

చేతికి ఇచ్చేవి: నెలకు సరిపడా హెచ్ఐవి మందులు, డోసు ఎంతో రాసి డాక్టర్ సంతకం చేసిన కాగితం, క్లినిక్ అపాయింట్‌మెంట్. అపాయింట్‌మెంట్ కాగితం ఇవ్వడం కాదు, మీరే ఆ క్లినిక్‌కి ఫోన్ చేసి అతని చేత ఒక్క నిమిషం మాట్లాడించండి. గొంతు విన్న చోటికి మనిషి వెళ్తాడు.

ఇక ప్రతి సోమవారం పొద్దున రికార్డుల గదికి వెళ్ళి ఆ వారంలో శుక్రవారం విడుదలయ్యేవాళ్ళ పేర్లు అడిగి రాసుకోండి. శుక్రవారం సాయంత్రం గేటు దాటినవాడికి సోమవారం దాకా క్లినిక్ తెరవదు, అంటే రెండున్నర రోజులు డోసు లేదు. విడుదల టైం మధ్యాహ్నానికి మార్పించడమో, శనివారం తెరిచే చోటు వెతకడమో, వారాంతానికి సరిపడా డోసు చేతికి ఇప్పించడమో, ఏదో ఒకటి గురువారం లోపు తేల్చుకోవాలి. మా దగ్గర ఆ జాబితా ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు. నాలుగు వారాలు వరసగా వెళ్ళి నిలబడ్డాక, ఐదో వారం గుమాస్తా నేను అడక్కముందే కాగితం తీసి ఇచ్చాడు.